నిల్వ ఆహారం: ఏది అమృతం? ఏది విషం?

2023 జులై 20వ తేదీన కేంద్ర ప్రభుత్వం బాస్మతి మినహా తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త వెలువడగానే అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు మనవారు బారులు తీరారు. కొన్ని దుకాణాలు మనిషికి ఒక్క బస్తా మాత్రమే ఇస్తామని నియమం పెట్టాయి. మా నల్లజర్ల ప్రాంతంలో పిల్లలు విదేశాల్లో స్థిరపడిన కుటుంబాలు తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో మందు కోసం నా వద్దకు వచ్చిన తల్లిదండ్రులు పలువురు ఒకే మాట అడిగారు. "మా అమ్మాయి అక్కడ ఎనిమిది బస్తాలు కొని పెట్టిందండీ. ఎన్నాళ్లు ఆగుతాయంటారు?"

2024 సెప్టెంబరు 28న ఆ నిషేధం తొలగిపోయింది. కాని ప్రశ్న విలువ తగ్గలేదు. కరోనా లాక్‌డౌన్‌లోనూ, తుపానులోనూ, ధరలు పెరుగుతాయన్న వదంతి వచ్చినప్పుడూ ప్రతి ఇల్లూ ఇదే ఆందోళనకు లోనవుతోంది. ఏ పదార్థాన్ని ఎంతకాలం దాచవచ్చు, ఎలా దాచాలి, ఎప్పుడు పారవేయాలి అనే మూడు విషయాలు తెలిసిన ఇల్లాలికి ఈ ఆందోళన చాలావరకు తగ్గుతుంది. మన శాస్త్రం ఈ విషయమై ఏమి చెప్పిందో పాఠకులకు వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

కరువు నేర్పిన పాఠం

గాదె, గుమ్మి, పాతర అనే మాటలు నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. మన పూర్వులు ఏడాది గ్రాసాన్ని ఇంట్లో ఉంచుకొన్నది పిసినారితనంతో కాదు. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పీడించిన కరువును డొక్కల కరువని నేటికీ చెప్పుకొంటారు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యేవరకు ఈ డెల్టా కూడా అతివృష్టికి, అనావృష్టికి లోబడినదే. గాదె ఆ అనుభవం నుంచి పుట్టింది.

ఆపద నేటికీ తొలగిపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 1996 నవంబరు 6న కోనసీమ తుపానుకు అల్లాడింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది కుటుంబాలను మేడలమీద నిలబెట్టింది. ఆ నీరంతా చివరకు చేరేది మన కొల్లేరుకే. కనుక ఇంట్లో కొంత ఆహారం నిలవ ఉంచుకోవడం వివేకమే. అయితే వివేకానికీ, భయంతో పోగుచేయడానికీ చాలా భేదం ఉంది.

చరక సంహిత చెప్పిన ముందుజాగ్రత్త

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమనే అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలోని ప్రజలందరినీ ఒకేసారి పీడించే వ్యాధుల గురించి చెప్పే అధ్యాయమది. పాంచాల దేశంలో కాంపిల్య నగరం వద్ద, గంగాతీరంలో సంచరిస్తూ ఆత్రేయ మహర్షి శిష్యుడైన అగ్నివేశునికి ఒక హెచ్చరిక చేస్తాడు. ప్రకృతిలో వికృత లక్షణాలు కనబడుతున్నాయి, భూమి సారం కోల్పోకముందే ఓషధులను సేకరించుకోవాలి, తరువాత సేకరిస్తే వాటిలో రస, వీర్య, విపాక, ప్రభావాలు ఉండవని ఆ హెచ్చరిక సారాంశం.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. దొరికినంత పోగుచేయుమని మహర్షి చెప్పలేదు. సారం ఉన్నప్పుడు సేకరించుమన్నాడు. నిల్వకు ప్రమాణం రాశి కాదు, గుణం. గుణం పోయిన వస్తువు పది బస్తాలున్నా అది ఆహారం కాదు.

పాతబడితే మేలైనవి, పాతబడితే చెడేవి

ఔషధ కర్మలకు ద్రవ్యాలన్నీ కొత్తవే వాడాలని శార్ఙ్గధర సంహిత నియమం. అయితే ఆరింటికి మినహాయింపు ఇచ్చింది. వాయువిడంగాలు, పిప్పళ్లు, బెల్లం, ధాన్యం, నెయ్యి, తేనె. ఇవి పాతబడినా గ్రాహ్యమే, పాతబడితేనే శ్రేష్ఠం. మిగిలిన మూలికలు ఏడాది దాటితే గుణం కోల్పోతాయి. చూర్ణం రెండు నెలలకే వీర్యహీనమవుతుంది. గుటికలు, లేహ్యాలు ఏడాది వరకు పనిచేస్తాయి.

ఈ నియమాన్ని వంటింటికి అన్వయించుకోండి. గింజ నిలుస్తుంది, పొడి నిలవదు. కారం, పసుపు, ధనియాల పొడి, గోధుమపిండి, సెనగపిండి ఏవైనా చూర్ణాలే. నలిగిన వస్తువుకు గాలి, తేమ ఎక్కువగా తగులుతాయి. ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు, ధనియాలు కొని దాచి, నెల నెలా దంచుకొంటే రుచీ, గుణమూ నిలుస్తాయి. కల్తీకీ అవకాశం తగ్గుతుంది.

ధాన్యం విషయంలో ఏడాది గడిచినది ప్రశస్తమని చరక సంహిత అభిప్రాయం. కొత్త బియ్యం గురుగుణం కలది. అన్నం ముద్ద కడుతుంది, మందాగ్ని కలవారికి కడుపు బరువు చేస్తుంది, కఫాన్ని పెంచుతుంది. ఏడాది బియ్యం లఘువు, పొడిపొడిగా ఉడుకుతుంది. అమెరికాలోని అమ్మాయి బస్తాలకు ఇదే నా సమాధానం. తెల్లబియ్యం తేమ, పురుగు లేకుండా ఉంటే ఏడాది నిర్భయంగా వాడుకోవచ్చు. దంపుడు బియ్యం మాత్రం అలా నిలవదు. తవుడులోని నూనె ముక్కిపోతుంది కనుక దానిని రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే కొనాలి. పల్లెల్లో ఉన్నవారు వడ్లుగా దాచి, అవసరానికి ఆడించుకోవడం ఉత్తమం.

ఒక మనవి. పాత బియ్యం తేలికన్నారు కదా అని మధుమేహ రోగులు రెండు ముద్దలు ఎక్కువ తినరాదు. తేలికగా జీర్ణమవుతుందన్నంత మాత్రాన రక్తంలో చక్కెర పెరగదని అర్థం కాదు.

బూజు పట్టిన గింజ

2020 వేసవిలో తాడేపల్లిగూడెం వైపునుంచి నడివయసు గృహిణి ఒకరు వచ్చారు. ఆకలి లేదు, నోరు చేదు, తిన్నది నిలవడం లేదు. ఇంట్లో అత్తగారికీ అదే బాధ. ఏమి తింటున్నారని ఆరా తీయగా విషయం బయటపడింది. లాక్‌డౌన్ ప్రకటించగానే దొరుకుతాయో లేదోనని వేరుశనగ గుళ్లు పదిహేను కిలోలు కొని, ప్లాస్టిక్ సంచిలోనే గోడవార ఉంచారు. గోడ చెమ్మకు సంచి అడుగున బూజు వచ్చింది. ఎండలో పోసి, చెరిగి, దోరగా వేయించి పొడి కొట్టి రోజూ వాడుతున్నారు.

"ఆ పొడి పారబోయండమ్మా" అన్నాను.

"చేతులెలా వస్తాయండీ? అన్నపూర్ణమ్మ కదండీ! మా అత్తయ్యగారు మెతుకు కింద పడినా కళ్లకద్దుకొంటారు" అన్నదామె.

ఆ మాటలో మన సంస్కృతి అంతా ఉంది. ప్రమాదమూ ఉంది. వేరుశనగ, మొక్కజొన్నలకు పట్టే ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. బూజును దులిపినా, గింజను వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలు తిని వందమందికి పైగా మరణించారు. కామెర్లు, పొట్టలో నీరు చేరడం వారిలో కనిపించిన లక్షణాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ ఘటనను పరిశీలించారు. ఆ ధాన్యాన్ని తిన్నవారు ఆకలితో ఉన్న పేదలు, వారికి వేరే దారి లేదు. మనకు దారి ఉండి కూడా తింటున్నాము.

వారిద్దరినీ ముందు కాలేయ పరీక్షలకు పంపించాను. ఫలితాలు చూసిన తరువాతే లఘు ఆహారం, పలుచని మజ్జిగ, శొంఠితో చికిత్స మొదలుపెట్టాను. ఆ పొడి మానడమే వారికి ప్రధానౌషధమైంది. అత్తగారికి నేనే స్వయంగా నచ్చచెప్పాను. "అన్నం పరబ్రహ్మమే తల్లీ. ప్రాణం పోసేంతవరకే అది అన్నం. విషమైన తరువాత దానిని పారవేయడం అన్నద్రోహం కాదు, తినిపించడమే ద్రోహం." ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు తలూపారు.

కనుక బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన వేరుశనగ గింజలను మొహమాటం లేకుండా పారవేయండి. పశువులకు, కోళ్లకు సైతం వేయకండి. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా ఇంటివైద్యంతో కాలక్షేపం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నిల్వచేసే పద్ధతులు

1. ఎండలో ఆరబెట్టిన ధాన్యం వేడి పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.
2. బస్తాలను నేలమీద, గోడకానించి ఉంచరాదు. చెక్కబల్లమీద, గోడకు జానెడు దూరంగా ఉంచాలి.
3. కందులు, పెసలకు కొద్దిగా ఆముదం పట్టించి దాచడం మన ఇళ్లలోని పాత పద్ధతి. వండేముందు కడిగితే సరిపోతుంది.
4. బియ్యంలో ఎండిన వేపాకు వేయవచ్చు. పచ్చి ఆకు వేస్తే తేమ చేరుతుంది. తినే గింజల్లో పురుగుమందు బిళ్లలు ఇంట్లో ఎన్నడూ వేయరాదు. వాటినుంచి వెలువడే వాయువు ప్రాణాంతకం.
5. చింతపండు గింజ, ఈనె తీసి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టాలి.
6. నూనెను వెలుతురు తగలని చోట ఉంచాలి. ముక్కు వాసన వస్తే దీపానికి వాడండి, వంటకు వద్దు.
7. డబ్బాపై కొన్న తేదీ రాసి అంటించండి. ముందు కొన్నది ముందు వాడాలి.

ఏలూరు చేసిన హెచ్చరిక

2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ, కళ్లు తిరగడం, వాంతులతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని నిపుణులు అభిప్రాయపడ్డారు. జనపదోద్ధ్వంసానికి వాయువు, జలం, దేశం, కాలం దూషితం కావడం కారణమని చరక సంహిత చెప్పిన మాట ఆ వారం నాకు పదే పదే గుర్తుకు వచ్చింది. 2018లో ఫార్మాలిన్ కలిపారన్న కారణంతో అస్సాం ప్రభుత్వం మన రాష్ట్రపు చేపలను కొంతకాలం నిషేధించినప్పుడు కొల్లేరు రైతుల కష్టం కూడా మనం చూశాము. ఎవరో ఒకరి లోభానికి ప్రాంతమంతా శిక్ష అనుభవిస్తుంది.

కల్తీ నిరోధానికి 1954లో ఒక చట్టం, దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చాయి. పొట్లం మీద 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ చూసి కొనండి. కొన్నవారు రుసుము చెల్లించి పదార్థాన్ని ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనే హక్కును ఈ చట్టం కల్పించింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. గ్లాసు నీటిలో చిటికెడు పసుపు వేయండి. మంచి పసుపు అడుగుకు దిగి నీటికి లేత రంగునిస్తుంది. నీరు చిక్కని పసుపురంగుకు మారితే అనుమానించాలి. కారంపొడి వేసినప్పుడు నీటిలో ఎర్రని చారలు దిగితే కృత్రిమ రంగు ఉన్నట్లు. మిరియాలు నీట మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి. కూరగాయలను పారే నీటి కింద రుద్ది కడగడం, ఆకుకూరలను రెండు మూడు నీళ్లలో జాడించడం ప్రతిరోజూ చేయవలసిన పని.

ఎంత చాలు?

నలుగురున్న ఇంటికి నెలకు సుమారు 35 కిలోల బియ్యం, 4 కిలోల పప్పులు, 3 కిలోల నూనె సరిపోతాయి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదన్న లెక్కన నెలకు 600 గ్రాములు చాలు. బియ్యం, పప్పు, చింతపండు, బెల్లం మూడు నెలలకు ఉంచుకోవచ్చు. నూనె నెలన్నరకు, పిండ్లు, పొడులు నెలకు మించి వద్దు.

తుపాను రోజులకు పొయ్యి వెలిగించకుండా తినదగిన అటుకులు, మరమరాలు, పేలపిండి, బెల్లం వారానికి సరిపడా వేరే డబ్బాలో పెట్టండి. కాచి చల్లార్చిన నీరు మూత ఉన్న పాత్రల్లో నింపండి. వరద తరువాత విరేచనాలు పట్టుకొంటే లీటరు కాచిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు చిన్నవి, తలగొట్టి కొలవాలి. ఈ రెండు వస్తువులు ప్రతి ఇంట్లో ఉండేవే.

ఇంతకు మించి పోగుచేస్తే ఇంట్లో పురుగు చేరుతుంది, అంగట్లో ధర పెరుగుతుంది. ఆ ధర భారం పడేది రోజు కూలితో రోజు బియ్యం కొనుక్కొనే కుటుంబం మీద.

భయమూ అజీర్ణ కారణమే

మితంగా తిన్నా, పథ్యంగా తిన్నా చింత, శోకం, భయం, క్రోధం ఉన్నవారికి అన్నం జీర్ణం కాదని విమానస్థానంలోనే మరొకచోట ఉంది. వార్తలు చూస్తూ, ఇందులో ఏ విషముందోనని వణుకుతూ తిన్న భోజనం ఒంటబట్టదు. పరీక్షించి కొనండి, ఆరబెట్టి దాచండి, తేదీ చూసి వాడండి, చెడినదానిని పారవేయండి. ఆపైన విస్తరి ముందు కూర్చున్నప్పుడు మనస్సును ప్రసన్నంగా ఉంచుకోండి. వచ్చే ఎండలు వృథా కాకముందే మీ ఇంటి డబ్బాలన్నీ ఒకసారి దించి, గింజ గింజా పరిశీలించవలసిందిగా గృహిణులకు, వారికి చేయి అందించవలసిన గృహస్థులకు నా మనవి.