వచ్చే వారం దాకా ఆగే కథ

చెన్నై నుంచి తిరుత్తణి వెళ్లే లోకల్ రైలు తిరువళ్లూరు దాటాక, అరక్కోణం ఇంకా రాకముందు తిరువాలంగాడులో ఆగుతుంది. కాళితో పోటీపడి శివుడు కాలు పైకెత్తి ఆడాడని చెప్పుకునే రత్నసభ ఉన్న ఊరిది. కార్వేటినగరం జమీ రోజుల్లో, 1905లో, ఇక్కడ 31 రాగిరేకులు బయటపడ్డాయి. పళైయనూరు గ్రామాన్ని ఈ గుడికి రాసిస్తూ రాజేంద్రచోళుడు వేయించిన శాసనం. దానం సంగతితోపాటు చోళుల ఇంటికథా అందులో ఉంది. యువరాజు ఆదిత్య కరికాలుడు పోయాక, నువ్వే రాజువు కావాలని జనం అతని తమ్ముడు అరుళ్మొళివర్మను వేడుకున్నారట. పినతండ్రికి ఆ ఆశ ఉన్నంతకాలం తనకు రాజ్యం వద్దన్నాడట.

గద్దె వద్దన్న ఆ కుర్రవాడి చుట్టూ కల్కి కృష్ణమూర్తి ఐదు భాగాల నవల అల్లారు. 'పొన్నియిన్ సెల్వన్' 1950 అక్టోబరులో కల్కి వారపత్రికలో మొదలై 1954 మే దాకా నడిచింది. అప్పటికి ఈ తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాలోనే ఉంది. మద్రాసు రాష్ట్రంలో కలిసింది 1960 ఏప్రిల్ 1న. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో అరవం చదువుకున్న ఇక్కడివాళ్లకు ఆ కథ రెండు వైపులా చుట్టమే.

మణిరత్నం దాన్ని 2022, 2023లో రెండు సినిమాలుగా తీశారు. ఆ శ్రమకు దణ్ణం పెట్టాలి. అయినా నా మనసు నిండలేదు. నవల ఆడి పద్ధెనిమిది పండగనాడు వీరనారాయణ చెరువు గట్టున తీరిగ్గా మొదలవుతుంది. వందియదేవుడు గుర్రం మీద వెళుతూ నీళ్లు చూస్తాడు, జనాన్ని చూస్తాడు. సినిమా రాష్ట్రకూటులతో యుద్ధంలో మొదలవుతుంది. హాల్లో కూర్చున్నవాణ్ణి వెంటనే పట్టుకోవాలి మరి! నవలలోని మణిమేకల పాత్ర సినిమాలో మొత్తంగా ఎగిరిపోయింది. మూడున్నరేళ్లు వారం వారం నడిచిన కథను ఐదున్నర గంటల్లో సర్దాలంటే ఎవరో ఒకరు బయట నిలబడక తప్పదు. ఇలాంటి కథ మినీ సిరీస్‌గా రావాల్సింది. ఎక్కడ ఆపితే పాఠకుడికి వారమంతా నిద్రపట్టదో కల్కి అప్పుడే లెక్కకట్టి పెట్టారు. ఎపిసోడ్ ముగింపు కోసం స్క్రిప్టు రాసేవాళ్లు వేరే వెతుక్కోనక్కర్లేదు.

సిరీస్ అయినంత మాత్రాన గట్టెక్కుతుందనీ కాదు. 'బాహుబలి'కి ముందుకథగా ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో రాసిన శివగామి నవలను సిరీస్‌గా తెస్తామని నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించింది. దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకులు, మృణాల్ ఠాకూర్ శివగామి. కొంత తీశాక ఆపారు. నటీనటులను మార్చి మళ్లీ మొదలెట్టారు, మళ్లీ ఆపేశారు. ప్రేక్షకుల దాకా ఒక్క ఎపిసోడూ రాలేదు. సినిమాను మించిన సినిమా తీయబోవడమే ఇలాంటి వాటికి చేటని నా అభిప్రాయం. వారం వారం చూసే కథకు మాహిష్మతి అంత కోట అక్కర్లేదు. తలుపు వెనక ఎవరున్నారో తెలియకపోతే చాలు.

ఆ కిటుకు మన దగ్గర ఎంతుందో చూడండి. మద్రాసు వడపళని నుంచి వచ్చిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు జానపద సీరియల్స్ రాశారు. కంచుకోట, జ్వాలాద్వీపం, రాతిరథం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు... నెలనెలా ఏదో ఒక ప్రమాదం అంచున ఆగి, పిల్లల్ని నెలంతా తపింపజేసిన కథలు. వాటికి చిత్రకారుడు 'చిత్ర' వేసిన బొమ్మలున్నాయి. కోట ఎలా ఉండాలో, మాంత్రికుడి గడ్డం ఎంత పొడుగుండాలో ఆయన గీసే పెట్టారు.

ఓటీటీ కోసం కథలు వెతుకుతున్న తెలుగు నిర్మాతలకు నాదొక్కటే విన్నపం. ముందు 'తోకచుక్క' చదవండి. చదివాక దాన్ని సినిమాగా కుదించకండి. దాసరి ఎక్కడ ఆపారో మీరూ అక్కడే ఆపండి.