మరో లెన్స్ కొనే ముందు

కెమెరాతో పాటు వచ్చిన లెన్స్‌ను కొన్నాళ్ళు వాడిన తరువాత చాలామంది యౌవనస్థులకు ఇంకొక లెన్స్ మీదికి మనసు పోతుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ డబ్బు పత్తి అమ్మగా మిగిలినదో, అక్క పెండ్లికి దాచినదో అయినప్పుడు, తొందరపడి కొన్న లెన్స్ బీరువాలో ఊరకే పడి ఉంటే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు. కనుక దుకాణానికి వెళ్ళకముందే కొన్ని సంగతులు తెలుసుకొందాం.

మీ ఫొటోలనే అడగండి

సాధారణంగా కెమెరాతో వచ్చేది 18-55 మి.మీ. జూమ్ లెన్స్. ప్రతి ఫొటోను ఎన్ని మి.మీ. దగ్గర తీశారో కెమెరా దానితో పాటే నమోదు చేస్తుంది. గత ఆరు నెలల ఫొటోలు తీసి చూడండి. ఎక్కువ భాగం 55 దగ్గరే ఆగిపోయి, ఇంకా దగ్గరకు రావలసిందనిపిస్తే మీకు కావలసింది టెలీ లెన్స్. గోడకు వీపు ఆనించి 18లో తీసినా మనుషులు పట్టకపోతే వైడ్ లెన్స్. దీపాల వెలుగులో తీసినవి మసకగా వస్తే ఎక్కువ వెలుగు తీసుకొనే లెన్స్. ఏ ఇబ్బందీ కనబడకపోతే ఇప్పుడు కొననక్కరలేదు. పాపికొండల నడుమ గోదావరిని తీయడానికి 18 చాలు.

మందిరంలో, ఇంటిలో

క్రిస్మస్ రాత్రి ఆరాధనలో ఫ్లాష్ వెలిగితే అందరి ధ్యానం చెదరుతుంది. అలాంటి చోట 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ మేలు. ఎఫ్ పక్కనున్న అంకె తగ్గినకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకొంటుంది. కెమెరాతో వచ్చిన లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకొంటుంది. ఎఫ్ 1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుగు ఇస్తుంది. సెకనులో 5వ వంతు పట్టే ఫొటో 50వ వంతులో వస్తుంది. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ వెలుగును ఎక్కువగా తీసుకొనే లెన్స్‌ను రూపొందించినదీ ఇందుకే. అంతకుముందు ఫొటో దిగేవారు చాలాసేపు కదలకుండా కూర్చోవలసి వచ్చేది.

అయితే ఒక చిక్కు ఉంది. మామూలు హాబీ కెమెరాకు 50 తగిలిస్తే, పది అడుగుల దూరంలో సుమారు నాలుగున్నర అడుగుల వెడల్పే పడుతుంది. వధూవరులు పడతారు, పక్కనున్న అత్తమామలు పడరు. 35 మి.మీ. అయితే ఆరున్నర అడుగులు పడుతుంది. ఏది నప్పుతుందో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. మీ జూమ్‌ను ఒక వారం 50 దగ్గర, మరొక వారం 35 దగ్గర కదపకుండా ఉంచి తీయండి.

అడవిలో, చెరువు గట్టున

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యానికి వెళ్ళేవారికి, పొలంలో నాగలి వెంట నడిచే కొంగలను తీసేవారికి 300 మి.మీ. వరకు వెళ్ళే జూమ్ ఉపయోగం. యాభై అడుగుల దూరాన 55తో ఇరవై అడుగుల వెడల్పు పడుతుంది, అందులో లకుముకిపిట్ట చుక్కలా కనబడుతుంది. 300తో పడేది నాలుగు అడుగులే. కాని చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది. సెకనులో 500వ వంతు వేగం పెట్టండి.

అమరిక, ధూళి, బూజు

అన్ని లెన్సులూ అన్ని కెమెరాలకు పట్టవు. కెనన్‌లో 1987 నాటి ఈఎఫ్ అమరిక వేరు, 2018 నాటి ఆర్ఎఫ్ వేరు. ఈఎఫ్ లెన్స్‌ను అడాప్టర్‌తో ఆర్ఎఫ్ కెమెరాకు పెట్టవచ్చు గాని, ఆర్ఎఫ్ లెన్స్ ఈఎఫ్ కెమెరాకు పట్టదు. నికాన్‌లో 1959 నాటి ఎఫ్, 2018 నాటి జెడ్ కూడా ఇలాగే. పైగా డి3500 వంటి చిన్న నికాన్ కెమెరాలలో మోటారు లేదు కనుక, కొన్ని పాత లెన్సులకు ఫోకస్ చేతితోనే తిప్పుకోవాలి.

పాత లెన్స్ కొంటే దాన్ని వెలుగుకు ఎత్తి లోపల చూడండి. సాలెగూడు పోగులవంటివి కనిపిస్తే అది బూజు, వద్దనండి. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలో కాక, సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో ఉంచండి. సత్తుపల్లిలో ఓపెన్‌కాస్ట్ గని ఉంది, బొగ్గు లారీలు తిరుగుతాయి. రోడ్డు మీద లెన్స్ మార్చకండి. ఆ పొడి సెన్సార్ మీద పడితే ప్రతి ఫొటోలోనూ మచ్చ వస్తుంది.

చివరిగా ఒక మాట. తెలిసిన ఫొటోగ్రాఫరును అడిగి, మీరు కొనదలచిన లెన్స్‌ను ఒక పూట వాడి చూడండి. అప్పు చేయక, ఒక్కటే కొని, ఏడాదిపాటు దానితోనే తీయండి. రెండవది అవసరమో కాదో అప్పటికి మీ ఫొటోలే తేల్చి చెబుతాయి.