ఏ ప్రశ్నకు జల్ది జవాబొస్తది? ఎవరి ప్రశ్నకు?

'సర్వర్ బిజీ ఉన్నది, రేపు రాండ్రి' అనే మాట ఆఫీసుల చుట్టు తిరిగేటోళ్లందరికీ ఎరుకే. ఆ మాట ఇన్న మనిషికి ఒక దినం కూలి పాయె, బస్సు కిరాయి పాయె. దాని ఎన్కల ఒక్కోసారి నెట్‌వర్క్ లొల్లి ఉంటది, ఒక్కోసారి పని చేసే మనసే ఉండది. కని ఇంకో కారణం కూడ ఉంటది, దాని గురించి ఎవ్వరు మాట్లాడరు. అది సమాచారాన్ని లోపల పేర్చిన తీరు.

నేను ఇంజినీరింగ్ సదువలె. ఉపాధి హామీ పనుల లెక్కలు ఎతికేటందుకు దోస్తులతోని కలిసి 'సోలర్' అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ముందేసుకొని నేర్సుకున్న. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సోషల్ ఆడిట్‌ను గ్రామసభ చేతుల పెట్టింది. హక్కు కాయితం మీద ఉంటే సాలదు కదా, లెక్క అడిగితే దొరకాలె. అందుకే ఈ ముచ్చట అందరికీ తెల్వాలెనని రాస్తున్న.

సోలర్ అయినా, ఎలాస్టిక్‌సెర్చ్ అయినా, రెండిటికీ పునాది 'లూసీన్'. 1999ల డగ్ కటింగ్ మొదలు పెట్టిండు. దాని గుండెకాయ పేరు 'ఇన్వర్టెడ్ ఇండెక్స్'. పుస్తకం ఎన్కాల పదాల పట్టిక ఉంటది సూడుండ్రి, గట్లనే. 'చెరువు' అనే మాట ఏయే రికార్డుల ఉన్నదో ముందే రాసిపెట్టుకుంటది. అందుకే 10 లక్షల రికార్డుల్లకెంచి 'చెరువు పూడిక' అని ఎతికితే రెప్ప కొట్టే లోపల తెస్తది.

మరి మనం ఆడ్నే ఆగుతమా? 'ఎక్కువ పైసలు ఖర్చయిన పని ముందు సూపెట్టు' అంటం. 'ఏ జిల్లాల ఎన్ని పనులైనయో లెక్క తియ్యి' అంటం. ఇప్పుడు ప్రశ్న తిరగబడ్డది. ముందుగాల 'ఈ మాట ఏ రికార్డుల ఉన్నది' అని అడిగినం. ఇప్పుడు 'ఈ రికార్డుల పైసల గడిల ఏమున్నది' అని అడుగుతున్నం. ఈ గడినే 'ఫీల్డ్' అంటరు. పదాల పట్టికకు ఈ ప్రశ్న ఉల్టా పడ్తది.

అట్లయితే రికార్డు తెరిచి సూడొచ్చు కదా అంటరు. లూసీన్‌ల రికార్డు అసలు కాపీని 'స్టోర్డ్ ఫీల్డ్స్' అంటరు. ఒక రికార్డు గడులన్నీ ఒక్కకాడనే ఉంటయి. 2013ల వచ్చిన 4.1 నుంచి కొన్ని రికార్డులను కలిపి, 16 కిలోబైట్ల లెక్కన ఒత్తి మూట కట్టుడు మొదలైంది. దీంతోని డిస్కుల జాగ కలిసొస్తది. పది ఫలితాలు తెర మీద సూపెట్టాలంటే పది మూటలు ఇప్పితే అయిపోతది, మంచిదే. కని 2 లక్షల రికార్డులు దొరికి, వాటిని పైసల లెక్కన వరుస పెట్టాలంటే? ఒక్క అంకె కోసం 2 లక్షల సార్లు ముడి ఇప్పాలె. చెంచెడు నీళ్ల కోసం చెరువంత తోడినట్టు.

పాత లూసీన్‌ల దీనికి 'ఫీల్డ్ క్యాష్' అనే ఉపాయం ఉండె. మొదటి మనిషి అడిగినప్పుడు పదాల పట్టికనంత తిరగేసి, ఏ రికార్డుకు ఏ విలువనో జావా మెమరీల వరుస కట్టుకునేది. ఆ మొదటి మనిషికి ఎదురుసూపే. మెమరీ నిండితే జావా చెత్త ఊడ్సుకునేటందుకు ఆగేది, అప్పుడు అందరి పని ఆగేది.

2012ల వచ్చిన 4.0 ఈ కథను మార్చింది. దాని పేరు 'డాక్ వాల్యూస్'. మన పహాణీ యాది తెచ్చుకోండ్రి. సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం, పంట, అన్నీ ఒక్క వరుసల ఉంటయి. ఊరి మొత్తం విస్తీర్ణం కావాలంటే పట్వారి పేర్లన్నీ సదువుతడా? విస్తీర్ణం గడి మీద వేలు పెట్టి కిందికి జారుతడు. డాక్ వాల్యూస్ గదే పని చేస్తది. రికార్డు ఎక్కించేటప్పుడే ఒక్కో నిలువు గడిని యేరే చేసి డిస్కు మీద రాస్తది.

ఎంత తేడానో లెక్కేద్దాం. తెలంగాణల 33 జిల్లాలు. ప్రతి రికార్డుల జిల్లా పేరు పూర్తిగ రాసుడెందుకు? పేర్లకు నంబర్లిచ్చి నంబరే రాస్తే సాలు. 33 నంబర్లకు 6 బిట్లు సరిపోతయి. 10 లక్షల రికార్డులకు 60 లక్షల బిట్లు, అంటే 7.5 లక్షల బైట్లు, ఒక మెగాబైట్ కంటె తక్కువ. రికార్డుకు ఒక కిలోబైట్ అనుకుంటే, అసలు కాపీలన్నీ సదవాలంటే ఒత్తకముందు దగ్గర దగ్గర ఒక గిగాబైట్. అందుకే 2015ల లూసీన్ 5.0 పాత ఫీల్డ్ క్యాష్‌ను పక్కకు జరిపింది. అదే యాడాది ఎలాస్టిక్‌సెర్చ్ 2.0 కూడ డాక్ వాల్యూస్‌నే మామూలు పద్ధతి చేసింది.

అయినా పని ఒడువలె. 2017ల 7.0 వచ్చినప్పుడు, సగం రికార్డులల్ల ఖాళీగ ఉండే గడులకు జాగ మిగిలేటట్టు కట్టుడు మార్చిండ్రు. జాగ మిగిలింది, కని ఎక్కడో చివర ఉన్న రికార్డు కావాలంటే 65,536 రికార్డుల బ్లాకులను ఒక్కొక్కటే దాటుకుంట పోవాల్సొచ్చింది, ప్రతి స్టేజీ కాడ ఆగే పల్లెవెలుగు బస్సు లెక్క. 2019ల 8.0 'జంప్ టేబుల్' పెట్టింది. ఏ బ్లాకు యాడ మొదలైతదో ముందే రాసి ఉంటది కాబట్టి నేరుగ ఆడికే దుంకుతది.

ఇగ చేసేటోళ్లకు నాలుగు మాటలు. వరుస పెట్టే, లెక్క తీసే గడులకు డాక్ వాల్యూస్ పెట్టుండ్రి. అన్నిటికీ పెడితే డిస్కు దండుగ. పేరు లాంటి గడిని రెండు తీర్ల ఎక్కియ్యాలె, ఎతికేటందుకు మాటలు ఇరగ్గొట్టి ఒకటి, వరుసకు మొత్తంగ ఒకటి. ఒక రికార్డుల ఇరవై గడులు సూపెట్టాలంటే స్టోర్డ్ ఫీల్డ్సే మేలు, ఒక్క ముడి ఇప్పితే అన్నీ దొరుకుతయి. ఇంకోటి, నడుమల గడి తీరు మారిస్తే పాత రికార్డులన్నీ మల్ల ఎక్కియ్యాలె. అందుకే ముందే ఆలోచన చెయ్యాలె.

అసలు ముచ్చట ఈ 'ముందే' కాడనే ఉన్నది. ఏ గడిని యేరే చెయ్యాలె అనేది యంత్రం చెప్పది, కూసున్న మనుషులు చెప్తరు. 'మొత్తం ఖర్చెంత' అనేది అధికారి ప్రశ్న. 'నా కూలి ఎన్ని దినాలు లేటైంది' అనేది కూలి ప్రశ్న. పని చేసిన తేదీ నుంచి పదిహేను దినాలల్ల కూలి ఇయ్యాలని చట్టంల రాసిండ్రు. పని చేసిన తేదీ ఒక గడి, పైసలు పడ్డ తేదీ ఇంకో గడి. రెండిటి నడుమ తేడాను అడిగినప్పుడల్ల లెక్కేస్తే యంత్రం గస పెడ్తది. ఎక్కించేటప్పుడే తేడా తీసి 'ఆలస్యం దినాలు' అని ఒక నిలువు గడి పెడితే, రాష్ట్రమంతట ఎవరి కూలి ఎక్కువ ఆగిందో క్షణంల తెలుస్తది.

ఈ సాఫ్ట్‌వేర్లకు పైసలు పెట్టేది లేదు, దిగుమతి చేసుకొని ఎవరైన నడుపుకోవచ్చు. పబ్లిక్ సమాచారం మీద కొత్త పోర్టల్ వస్తున్నదంటే రంగులు, బొమ్మలు తర్వాత సూద్దాం. 'కూలోళ్లు అడిగే గడి ఏది, దాన్ని యేరే చేసిండ్రా' అని ముందుగాల అడుగుదాం.