తుపాను రాత్రికి టార్చిలైటు

2014 అక్టోబరు 12వ తేదీ మధ్యాహ్నమున హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము సమీపమున తీరము దాటినది. ఆ సాయంకాలమునకు మేమున్న నాలుగంతస్తుల భవనములో కరెంటు లేదు, కొళాయిలో నీరు లేదు, ఫోను పలుకదు. చీకటి పడిన తరువాత మూడవ అంతస్తులోని ఒక వృద్ధురాలికి ఉబ్బసము ముదిరినది. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి క్రిందికి దింపవలసి వచ్చినది. మెట్లనిండ పగిలిన కిటికీ అద్దములు, వాననీరు.

మా ఇంట మూడు టార్చిలైట్లు కలవు. గోడప్లగ్గునకు గుచ్చి ఛార్జి చేయు మొదటిదానిని గుచ్చి ఎన్ని నెలలైనదో ఇంటిలో నెవరికిని జ్ఞాపకము లేదు, అది వెలుగలేదు. రెండవదాని మూత విప్పగా సెల్లులు కారి, స్ప్రింగు పచ్చగా చిలుము పట్టియున్నది. మూడవది కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలిగి, రెండవ అంతస్తు చేరకమునుపే ఆరిపోయినది. తుదకు మాకు దారి చూపినది వాచ్‌మన్ చేతిలోని రెండు సెల్లుల రేకు టార్చి. "మామ్మగారూ, బయపడకండి, ఇంకా ఆరు మెట్లే" అనుచు అతడు ముందు నడచినాడు. ఆమె క్షేమముగా ఆసుపత్రి చేరినది. మా మూడవ టార్చి వెలుగులో అతని దీపము పదియవ వంతు కూడ ఉండదు. అయినను వెలుగవలసినప్పుడు వెలిగినది, వెలుగవలసినంతసేపు వెలిగినది.

టార్చి కొనువారు దుకాణములో మొట్టమొదట చేయుపని దానిని గోడపై వేసి చూచుట. ఏది ఎక్కువ తెల్లగా వెలిగిన అదియే మంచిదని మన నమ్మకము. పెట్టెమీద కూడ ఇన్ని వేల ల్యూమెనులని పెద్ద అక్షరములతో నుండును. ల్యూమెను అనునది దీపమునుండి అన్ని దిక్కులకును వెలువడు మొత్తము వెలుగునకు కొలత. ఆ వెలుగు ఎంత దూరము పోవునో అది చెప్పదు. ఒక దిక్కునకు కూడదీసిన కాంతి తీవ్రతకు కొలత క్యాండెలా. రెండు పెద్ద సెల్లులతో వెలిగెడి పాతకాలపు బల్బు ఇచ్చునది పది పదునైదు ల్యూమెనులు మాత్రమే. మన పెద్దలు ఆ వెలుగుతోనే పొలము గట్లపై నడచినారు. గదిలో వస్తువులు వెదకుకొనుటకు ఇరువది ల్యూమెనులు చాలును. వీధిలోనికి పోవుటకు నూరు సమృద్ధి. నేటి ఎల్‌ఇడి దీపము ఒక్క వాటు విద్యుత్తుతో సుమారు నూరు ల్యూమెనులు ఇయ్యగా, పాత బల్బు పదింటి దగ్గరనే ఆగెడిది. ఈ లాభమును ఎక్కువసేపు వెలుగుటకు వాడుకొనవచ్చును, లేదా ఎక్కువ వెలుగుటకు వాడుకొనవచ్చును. వ్యాపారులు రెండవదానినే ఎన్నుకొనుచున్నారు. కారణము తెలిసినదే: దుకాణపు గోడమీద కాలము కనబడదు, వెలుగే కనబడును.

పెట్టెమీద గంటల లెక్క కూడ ఉండునుగదా యని పాఠకులు అడుగవచ్చును. ఆ లెక్కను ఎట్లు కట్టుదురో తెలిసికొనుట మంచిది. పేరుగల తయారీదారులు అనుసరించు ఎఫ్ఎల్1 అను అమెరికా ప్రమాణము ప్రకారము, టార్చి వెలిగించిన ముప్పది సెకండ్లకు కొలిచిన వెలుగు పదియవ వంతునకు తగ్గువరకు గడచిన కాలమే దాని ఆయుర్దాయము. వేయి ల్యూమెనులు, నాలుగు గంటలు అని వ్రాసియున్నచో, నాలుగు గంటలును వేయి ల్యూమెనులు వెలుగునని అర్థము కాదు. చిన్న గొట్టములో అంత వెలుగు పుట్టినచో అది కాలిపోవును గనుక, లోపలి యంత్రాంగము కొద్ది నిమిషములలోనే వెలుగును తగ్గించివేయును. తక్కిన గంటలన్నియు ఆ తగ్గిన వెలుగువే. దూరము సంగతియు ఇట్టిదే. నిండు పున్నమి వెన్నెలపాటి వెలుగు పడుచోటును ఆ టార్చి అందుకొను దూరముగా లెక్కింతురు. కావున కొనునప్పుడు గరిష్ఠపు అంకెను విడచి, తక్కువ వెలుగులో ఎన్నిగంటలు పనిచేయునో చూడవలెను. ఇరువది ముప్పది ల్యూమెనుల మెట్టు లేని టార్చి తుపానుకు పనికిరాదని మా అభిప్రాయము.

'టాక్టికల్' అను మాట ఈమధ్య బజారులో ప్రతి నల్లని టార్చిమీదను కనబడుచున్నది. పోలీసులకును సైనికులకును దానికొక నిజమైన అర్థము కలదు: తోకవైపు మీట, నొక్కినంతసేపే వెలుగు, చేతితొడుగుతోను ఒంటిచేతను వాడదగిన అమరిక, దూరము పోవు సన్నని కిరణము. మీట సంగతి మనకును పనికివచ్చును. చీకటిలో తడుముకొనుచు ఒక్కసారి నొక్కగనే వెలుగవలెను. కాని అట్టి టార్చిలలో టపటప కొట్టుకొను వెలుగొకటి కలదు. దానిని దాటుకొనిగాని మామూలు వెలుగు రాకున్నచో అది ఇంటికి తగదు. సన్నని కిరణము కూడ అంతే. గాలివాన తరువాత పాములు మెరక తావులకును ఇండ్లకును చేరును. కట్లపాము రాత్రివేళనే సంచరించును. పాదములముందు నేల వెడల్పుగా కనబడుట మనకు కావలసినది, నూరు గజముల దూరమున చెట్టుకొమ్మ కాదు.

ఇక సెల్లులు. టార్చి నమ్మకము మూడువంతులు వీనిలోనే యున్నది.

మామూలు చవుక సెల్లులో బయటి జింకు గొట్టమే ఋణధ్రువము. అది పనిచేయుకొలది కరగిపోవును. చిల్లిపడినప్పుడు లోపలి ద్రవము కారును. ఆల్కలైను సెల్లు అంతకంటె ఎన్నోరెట్లు పనిచేసి, వాడక యుంచినను ఏండ్ల తరబడి నిలుచును. కాని పూర్తిగా అరిగినదానిని లోపలనే మరచినచో అదియును కారును. పాతదానిని క్రొత్తదానితో జతకలుపుట మరియొక తప్పు. బలహీనమైన సెల్లును బలమైనది తలక్రిందులు చేయును, కారునది అదియే. మరల మరల ఛార్జిచేయు నికెలు జాతి సెల్లులలో, కూర్చుండియే ఖర్చుకాని రకమును అడిగి తీసికొనవలెను. లిథియం అయాను సెల్లు మిక్కిలి శక్తిమంతమైనది. వేలెడంత 18650 రకములో మంచి సెల్లు శక్తి సుమారు 3500 మిల్లీ ఆంపియరు గంటలు. దానిమీదనే 9900 అని అచ్చువేసి అమ్ముదురు. అట్టిదానిని ఇంటికి తేరాదు. గోడప్లగ్గునకు గుచ్చు చవుక టార్చిలలో తరచుగా నుండునది సీసపు బ్యాటరీ. ఖాళీగా నెలల తరబడి పడియున్నచో దాని పలకలు గట్టిపడి మరల ఛార్జి పట్టవు. మా మొదటి టార్చి మరణకారణము ఇదియే. సరే, అది బాగుగనే యున్నదనుకొందము. కరెంటు లేని మూడవనాడు దానిని ఎక్కడ గుచ్చుదుము?

ఇచ్చటనే రేడియోగల కుటుంబములకు ఒక మాట. తుపాను హెచ్చరిక కరెంటు పోయిన తరువాత మీకు చేరునది సెల్లులతో పలుకు ట్రాన్సిస్టరు వలన. ఆ సెట్టు ఏ సెల్లు తీసికొనునో టార్చియు అదియే తీసికొనవలెను. పెన్సిలు సెల్లయినచో రెండింటికిని పెన్సిలు సెల్లు. పెద్ద సెల్లయినచో రెండింటికిని పెద్దదే. పెద్ద ఆల్కలైను సెల్లులో పెన్సిలు సెల్లునకు ఐదారు రెట్ల శక్తి యుండును, బరువును ఉండును. ఒకే డబ్బాలోని సెల్లులు రెండింటికిని సరిపోయినచో, వార్త కావలసినప్పుడు వార్త, వెలుగు కావలసినప్పుడు వెలుగు. పల్లెలోని కిరాణా కొట్టులోను అవి దొరకును. లిథియం టార్చిని వలదనుట లేదు; రోజువాడుకకు అది సుఖము. దానికి తోడు ఇట్టిదొకటి ఉండవలెను.

తడి విషయములో ఐపీఎక్స్ 4 అని యున్నచో చినుకులకు ఓర్చును. ఐపీఎక్స్ 7 అనిన ఒక మీటరు లోతు నీటిలో అరగంట నిలుచును. సముద్రపుగాలి తగులు ఊళ్లవారికి రెండవది మేలు. నుదుటికి కట్టుకొను దీపమును చాలమంది ఆటవస్తువుగా చూతురు గాని, బిడ్డను చంకనెత్తుకొనియో, రోగిని పట్టుకొనియో మెట్లు దిగువారికి దానివంటిది మరియొకటి లేదు. ఆ రాత్రి వాచ్‌మన్ ఒక చేత కుర్చీకోడు, మరియొక చేత టార్చి పట్టుకొనవలసి వచ్చినది.

బంగాళాఖాతమున తుపానులు ముఖ్యముగా ఏప్రిలు, మే నెలలలోను, అక్టోబరునుండి డిసెంబరు వరకును వచ్చును. కావున మా ఇంట ఉగాదికొకసారి, దసరాకొకసారి టార్చిలు విప్పుదుము. అదనపు సెల్లులపై కొన్న నెల, సంవత్సరము కలముతో వ్రాసి, సీసాలో బిగించి పెట్టుదుము. ఆల్కలైను సెల్లు కారిన తెల్లని పొడిని వట్టిచేత ముట్టక, వెనిగరులో ముంచిన గుడ్డతో తుడిచి బాగుగ ఆరబెట్టుదుము. టార్చి స్థానము వీధితలుపు ప్రక్కనున్న మేకు. చీకటిలో చేయి చాచిన అందును. మా ఇంటివారు దానిని అచ్చటినుండి తీసి మరియొకచోట పెట్టుట మాత్రము నేటికిని మానలేదు.

వాచ్‌మన్ ఆ రేకు టార్చిని మార్చలేదు. బల్బు మాత్రము తీసి అదే పరిమాణముగల ఎల్‌ఇడి బల్బు వేయించినాడు. ఇప్పుడు జత సెల్లులు మునుపటికంటె ఎన్నో రాత్రులు ఎక్కువ వచ్చుచున్నవట.