అప్రూవర్ నోట రెండుసార్లు

నేరంలో పాలుపంచుకొని, క్షమాభిక్ష పొంది, సహచరులపై సాక్ష్యం చెప్పే వ్యక్తిని చట్టం అనుమానంగానే చూస్తుంది. గాంధీజీ హత్యకేసులో అప్రూవర్‌గా మారిన దిగంబర్ బడ్గే కథనాన్ని బట్టి మాత్రమే సావర్కర్‌ను దోషిగా తేల్చడం క్షేమం కాదని భావించిన ప్రత్యేక న్యాయమూర్తి ఆత్మాచరణ్, 1949 ఫిబ్రవరి 10న ఆయనను విడుదల చేశారు.

ఆ అనుమానం వల్లనే కాబోలు, వాంగ్మూలం నమోదులోనూ కట్టుదిట్టాలున్నాయి. కేసు సెషన్స్ కోర్టుకు వెళ్లకముందే క్షమాభిక్ష ఇచ్చినట్లయితే అప్రూవర్‌ను మొదట మేజిస్ట్రేటు, పిమ్మట విచారణ న్యాయస్థానం సాక్షిగా విచారించాలి. ఇది లాంఛనం కాదు, తప్పనిసరి అని సురేశ్‌చంద్ర బహ్రీ కేసులో 1994లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తనపై రానున్న సాక్ష్యమేమిటో నిందితునికి ముందే తెలియాలి. సాక్షి తర్వాత మాట మారిస్తే నిలదీయడానికి తొలి వాంగ్మూలమే ఆధారం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా 343వ సెక్షన్‌లో ఈ పద్ధతినే నిలిపింది. అంతకుముందే బెయిలు పొంది ఉంటే తప్ప, క్షమాభిక్ష దొరికిన అప్రూవర్ సైతం విచారణ ముగిసేవరకు నిర్బంధంలోనే ఉండాలి.