మూడు లంకెల ట్రాక్టరు

తెలుగు వ్యాకరణం చెప్పుకునే మేష్టరుకు ట్రాక్టర్లతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. మా ఇంట్లోవాళ్ళూ అదే అడుగుతారు. ఈ పిచ్చి నాకు అంటించినవాడు మా మేనమామ.

1992 తొలకరి. తెనాలి దగ్గర పల్లెలో మామయ్యగారింట సెలవులు గడుపుతున్నాను. ఆయనది ఎర్రని మాసీ ఫెర్గూసన్. ప్రక్కింటి ఆసామిది నీలం రంగు ఫోర్డు. పొలంగట్టు తగాదాతో ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. వాన కురిసి నేల పదునెక్కిన రోజునే ఆ ఆసామి గొర్రు విరిగింది. పదును ఎవరికోసమూ ఆగదు గదా! ఆయన నోరు తెరిచి అడగలేదు. ఆయన భార్య గోడమీదుగా మా అత్తయ్యను అడిగింది. "తీసుకుపొమ్మను" అన్నాడు మామయ్య, పేపరులోంచి తల ఎత్తకుండానే.

ఎర్రబండి గొర్రు నీలంబండికి ఎక్కదని నేనూ, ఎక్కుతుందని పాలేరూ పందెం వేసుకున్నాం. క్రింద రెండు చేతులు, పైన ఒక లింకు, మూడు పిన్నులు. రెండు నిమిషాల్లో ఎక్కి కూర్చున్నది. నా అర్ధరూపాయి పోయింది. ఎందుకు ఎక్కిందో తెలుసుకునేసరికి నాకు తల నెరవడం మొదలైంది.

ఎర్రబండి, 1960లో మద్రాసులో పుట్టిన టాఫే కంపెనీది. నీలంబండి, ఫోర్డువారితో కలిసి ఎస్కార్ట్స్ వారు మన దేశంలో తయారుచేసినది. ఇవి అప్పట్లో బజారులో పోటీదారులు. వీటి వంశవృక్షం పట్టుకుని వెనక్కి పోతే మాత్రం రెండూ ఒకే వాకిట్లో తేలుతాయి. ఆ వాకిలి అమెరికాలోని డియర్‌బోర్న్‌లో వున్నది.

హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఉత్తర ఐర్లండులో రైతుబిడ్డగా పుట్టాడు. 1909 డిసెంబరు 31న తన చేతులతో చేసుకున్న విమానంలో ఎగిరి, ఐర్లండులో మొట్టమొదట విమానం నడిపినవాడు అనిపించుకున్నాడు. అంతటివాడు ఆకాశం వదిలి నాగలి పట్టడానికి కారణం మొదటి ప్రపంచయుద్ధం. తిండిగింజల కరువు వచ్చి, ట్రాక్టర్ల సేద్యాన్ని బాగుచేయమని ప్రభుత్వం ఆయన్ను పురమాయించింది.

ఆ రోజుల్లో ట్రాక్టరంటే ఎద్దుకు మారుపేరు, అంతే. నాగలిని వెనకాల గొలుసుతోనో కడ్డీతోనో కట్టి లాగించేవారు. నాగలి భూమిలో ఏ మొద్దుకో తగిలి ఆగిపోతే, వెనక చక్రాలు తిరగక, బండి ముందుభాగమే పైకి లేచి నడిపేవాడిమీద తిరగబడేది. హెన్రీ ఫోర్డు చేసిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకు ఈ అపకీర్తి బాగా వుండేది. ఎందరి ప్రాణాలో తీసింది.

ఫెర్గూసన్ నాగలినీ ట్రాక్టరునూ ఒకే యంత్రం చేశాడు. క్రింది రెండు లంకెలు నాగలిని లాగుతాయి. పై లంకె బండిని ముందుకు నెడుతుంది. అందుచేత నాగలి మొద్దుకు తగిలితే బండి ముక్కు లేవడానికి బదులు నేలకు అదుముకుంటుంది. ఆ పై లంకెమీద పడే ఒత్తిడిని బట్టి హైడ్రాలిక్ పంపు నాగలిని తనంతట తానే కాస్త ఎత్తుతుంది, కాస్త దించుతుంది. నాగలి బరువులో కొంత వెనక చక్రాలకు ఎక్కుతుంది కనుక బండి ఏనుగంత వుండనక్కరలేదు. టన్నుకు కాస్త పైన వుంటే చాలు. ఈ ఉపాయం చదివినప్పుడు మా పాణిని కూడా మెచ్చుకునేవాడనిపించింది. సంధి అంటే ఇదీ! రెండు పదాలు కలిసి మూడో పదం పుట్టింది.

1938లో ఫెర్గూసన్ తన బండిని డియర్‌బోర్న్‌కు తీసుకువెళ్ళి, ఫోర్డు ఎదుట దున్ని చూపించాడు. ముసలి ఫోర్డు ముచ్చటపడ్డాడు. నీవు ఉపాయం ఇయ్యి, నేను తయారుచేస్తాను, అమ్మకం నీది. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు. ఇద్దరూ చేతులు కలిపారు. 1939లో ఫోర్డు 9ఎన్ అనే బూడిదరంగు ట్రాక్టరు బయటకు వచ్చింది. దాని ధర 585 డాలర్లు.

చేతులు కలిపినవాడు బ్రతికివున్నంతకాలం ఆ మాట నిలిచింది. మనవడు రెండవ హెన్రీ ఫోర్డు పెత్తనానికి రాగానే లెక్కలు చూసి, ఈ ఒప్పందం మాకు గిట్టదన్నాడు. 1947 ఏప్రిల్‌లో తాత పోయాడు. ఆ వేసవిలోనే ఫోర్డువారు తమ సొంతబండి 8ఎన్‌ను దింపారు. ఒక గేరు ఎక్కువ, అడుగున ఎర్రరంగు. మూడు లంకెలు మాత్రం ఫెర్గూసన్‌వే! ఈ లోపల ఫెర్గూసన్ కూడా ఊరుకోలేదు. 1946 నుంచి ఇంగ్లండులోని కొవెంట్రీలో టిఇ 20 అనే తన బండిని తయారుచేయిస్తున్నాడు.

ఇక్కడే తమాషా. టిఇ 20నీ పాత 9ఎన్‌నూ ప్రక్కప్రక్కన నిలబెడితే కవలపిల్లలంటారు. అదే బూడిదరంగు, అదే ఒడ్డూపొడుగూ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెంటికీ 70 అంగుళాలే. ఒకదాని నాగలి రెండోదానికి ఎక్కుతుంది. కాని బానెట్టు తీసి చూడండి. ఫోర్డు ఇంజనులో వాల్వులు సిలిండరు ప్రక్కన వుంటాయి; అది వాళ్ళ మెర్క్యురీ కారు ఎనిమిది సిలిండర్ల ఇంజనులో సరిగ్గా సగం, పిస్టన్లు ఆ కారువే. టిఇ 20లో వాల్వులు పైన వుంటాయి; ముందు కాంటినెంటల్ ఇంజను, తర్వాత స్టాండర్డ్ కంపెనీది. 9ఎన్‌కు మూడు గేర్లయితే దీనికి నాలుగు. ముఖం చూసి ఒకదాని పిస్టను రెండోదానికి కొన్న రైతు డబ్బు దండగే. పైకి కవలలు, గుండెకాయలు వేరు. వెనక తగిలించే సరంజామా దగ్గర మాత్రం భేదం లేదు.

1948లో ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. అడిగిన నష్టపరిహారం 25 కోట్ల 10 లక్షల డాలర్లు. నాలుగేళ్ళు నడిచింది. కేసు సాగుతుండగానే ఆయన పేటెంట్లు కొన్నింటికి గడువు తీరిపోయింది. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడ్డాడు. హైడ్రాలిక్ పంపును అదుపుచేసే ఆ ప్రత్యేక పద్ధతిని ఫోర్డువారు మానుకోవలసివచ్చింది. మూడు లంకెలను మానుకోవలసిన పని పడలేదు. పెద్దమనిషి మాటను నమ్మినందుకు ఇదేనా ఫలమని నాకు ఆయనమీద జాలి వేస్తుంది. అయితే ఆయన లాయరును పెట్టుకుని మొదటే కాగితం వ్రాయించుకుని వుంటే, ఫోర్డు చేయి చాచేవాడా? అది వేరు సంగతి.

మరుసటి ఏడు ఆయన తన వ్యాపారాన్ని మాసీ హారిస్ కంపెనీలో కలిపేశాడు. అలా పుట్టిన పేరే మామయ్య బండిమీద వున్నది. మూడు లంకెలు క్రమంగా అన్ని కంపెనీలకూ పాకి, చివరకు అంతర్జాతీయ ప్రమాణమైనాయి.

ఆనాడు గొర్రు తగిలించాక నీలంబండి చేలో దిగింది. మామయ్య గట్టుమీద, అదే తగాదా గట్టుమీద, గొడుగు వేసుకుని నిలబడ్డాడు. రెండు చాళ్ళు చూశాడు. ఇక పట్టలేకపోయాడు.

"ఒరే అబ్బాయ్! పై లింకు రెండు చుట్లు వదలమను. వెనక వరస నేలంటడం లేదు."

చెప్పింది నాతోనే. నేను నోరు తెరిచేలోగానే అవతల ఆసామి బండి ఆపి దిగి, పై లింకు రెండు చుట్లు వదిలాడు.