పూవు వాడిన పిమ్మట

వసంతకాలమున దుంపజాతి మొక్కలు పూచినపుడు వాని చుట్టు చేరువారు పలువురు. పూలు వాడిన పిమ్మట వానిని తలచువారు అరుదు. అయినను మరుసటి యేటి పూవు ఆ తరువాతి నెలలలో మనము చేయు పనిమీదనే ఆధారపడి యున్నది. ఈ సంగతిని మేము మా తప్పిదమువలన నేర్చుకొంటిమి.

మా పాఠశాల తోటలో ఎఱ్ఱలిల్లి వరుస యొకటి కలదు. తోటపని చేయువారు దీనిని అమరిల్లిస్ అనియు, శాస్త్రజ్ఞులు హిప్పియాస్ట్రమ్ అనియు అందురు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా. మార్చి, ఏప్రిల్ నెలలలో బోలు కాడపై బాకావలె విప్పారిన పూలు పూయును. కొన్ని సంవత్సరముల క్రిందట, వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెఱచునప్పటికి, దీని ఆకులు నేలపై వ్రాలి అందవిహీనముగా కనబడెను. ఇన్‌స్పెక్టరుగారు రానున్న దినములవి. తోట శుభ్రముగా నుండవలెనని మేమే పిల్లలచేత ఆకులన్నిటిని మొదలంట కోయించితిమి. మరల మొలచిన వానిని గూడ వానకాలమంతయు గడ్డితోపాటు కోయించుచు వచ్చితిమి. మరుసటి మార్చిలో సన్నని ఆకులు మాత్రమే పొడమెను. “మేష్టరుగారూ, మన పూలు ఏమైనవి?” అని యొక చిన్నవాడు అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

కారణ మిది. ఈ దుంపను నిలువుగా కోసి చూచినయెడల నీరుల్లిపాయవలె పొరలు కనబడును. అడుగున బిళ్లవంటి చిన్న భాగమే కాండము. దానినుండి క్రిందికి వేళ్లును, పైకి పొరలును బయలుదేరును. ఆకులు సూర్యరశ్మిలో తయారుచేసిన ఆహారము ఈ పొరలలో నిలువయగును. రాబోవు పూమొగ్గయు వాని నడుమ ముందుగనే, సాధారణముగా నాలుగు ఆకుల కొకటి చొప్పున, ఏర్పడును. కావున పచ్చని ఆకును కోసినవాడు గాదెకు ధాన్యము తెచ్చు బండిని దారిలో నిలిపినవాడగును.

ఇక చేయవలసిన పనులు. పూలు వాడగానే, కాయ కట్టకముందే, వానిని త్రుంచివేయవలెను. విత్తులకు పోవు ఆహారము దుంపకు మిగులును. పూకాడ పసుపుబారిన తరువాతనే దానిని కోయవలెను. ఆకులను కోయరాదు, ముడివేయరాదు, ఎండ తగులనీయవలెను. చివికిన పశువుల ఎరువు వేసి, తగుమాత్రము నీరు పోయవలెను. నీరు నిలిచినచో దుంప కుళ్లును. చలికాలమున ఆకులు తమంతట పసుపుబారినపుడు నీరు తగ్గించి, ఎనిమిది పది వారములు విశ్రాంతి నీయవలెను. గుంపు కిక్కిరిసినపుడు పిల్లదుంపలను వేరుచేసి, మెడ నేలపైకి కనబడునట్లు నాటవలెను. అవి పూచుటకు రెండు మూడేండ్లు పట్టవచ్చును. ఈ దుంపలో లైకోరిన్ అను విషపదార్థము కలదు. పిల్లలు ఉల్లిగడ్డ యని భ్రమించి నోట పెట్టకుండ తలిదండ్రులు జాగ్రత్త వహింపవలెను. తాకిన చేతులు కడుగుకొనవలెను.

శీతలదేశముల దుంపలకును ఈ నియమమే వర్తించును. ఇంగ్లండులో డాఫడిల్ పూలు వాడిన పిమ్మట కనీసము ఆరు వారములు ఆకులను ముట్టకుందురు. తులిప్ దుంపకు ఆకులు పెట్టిన ఆహారముతోపాటు పలు వారముల చలియు కావలయును. అందుచేతనే మన మైదానములలో అది ఏటేట పూయదు.

ఆ సంవత్సరమునుండి మేము ఆకులను ముట్టలేదు. వరుస చూచుటకు చిందరవందరగానే యుండెను. రెండవ యేట మరల కాడలు లేచెను. ప్రశ్న యడిగిన బాలుడు అప్పటికి పై తరగతిలో నుండెను. వానిని పిలిచి, కుళ్లినందున త్రవ్వి తీసిన యొక దుంపను నిలువుగా కోసి, లోపలి పొరలను చూపి, ఆలస్యముగానైనను మా సమాధానము చెప్పితిమి.